బెల్లు నొక్కని పేషెంట్

ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరితే రాత్రి కాపలా ఎవరికి పడుతుందో తెలుసుగా? చిన్నవాళ్లకే. "నీకెలాగూ ఫోన్ చూస్తూ మేలుకోవడం అలవాటేగా" అని అటెండెంట్ పాస్ చేతిలో పెడతారు. ఈ వారం కబురు ఆ పాస్ పట్టుకున్నవాళ్లకే.

అందరం భయపడేది రెండోసారి స్ట్రోక్ వస్తుందేమోనని. మంచం దిగుతూ పడిపోతారన్న ఆలోచన రాదు. పోయినేడాది మా మావయ్యకి మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. "ఏం కావాలన్నా నన్ను లేపు మావయ్యా" అన్నా. "అలాగే రా" అన్నాడు. తెల్లవారుజామున చూస్తే సెలైన్ ట్యూబు లాక్కుంటూ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. "ఎక్కడికి?" అంటే, "బాత్రూంకి. నాకేమైంది, నడవలేనా?" అని నామీదే కోపం!

పొద్దున్న అత్తయ్య వచ్చి, "ఆయన మొండితనం తెలిసిందేగా" అంది. డ్యూటీలో ఉన్న సిస్టర్ కాదన్నారు. కుడివైపు మెదడు దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్క పనిచెయ్యట్లేదన్న సంగతే తెలీదట. అబద్ధమాడటం లేదు, మెదడే వాళ్లకి "అంతా బానే ఉంది" అని చెప్తుంది. కొందరైతే కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. ఇక బెల్లు ఎందుకు నొక్కుతారు?

నర్సులు వాడే మోర్స్ స్కేల్ అని ఒకటుంది. పడిపోయే ప్రమాదాన్ని మార్కుల్లో లెక్కేస్తారు. సెలైన్ ఉంటే 20, ఒకటికి మించి జబ్బులుంటే 15, నడక బాగా దెబ్బతింటే 20, తన పరిస్థితి తనకి తెలియకపోతే ఇంకో 15. చాలాచోట్ల 45 దాటితే ప్రమాదం ఎక్కువన్నట్టే. మావయ్యది 70! ఫైల్లో ఆ అంకె ఉంది. కానీ రాత్రంతా పక్కన కూర్చునే నాకు ఎవరూ చెప్పలేదు. నాకు మండేది ఇక్కడే. కాపలా ఇంటివాళ్ల మీద వదిలేసినప్పుడు, ఎలా కాయాలో ఓ పది నిమిషాలు నేర్పొచ్చు కదా?

సిస్టర్ని వెంటపడి అడిగి తెలుసుకున్నవి చెప్తా. పిలిచేదాకా ఆగొద్దు. పడుకునే ముందు, అర్ధరాత్రి, తెల్లారగట్ల మనమే బాత్రూం సంగతి అడగాలి. చాలామంది పడేది ఆ తొందరలోనే. లేపగానే నిలబెట్టకుండా కాసేపు కాళ్లు కిందకి పెట్టి కూర్చోబెట్టాలి, బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. హవాయి చెప్పులు వద్దు, చచ్చుబడిన కాలి నుంచి జారిపోయినా ఆయనకి తెలీదు. వెనక పట్టీ ఉన్నవి కావాలి. పడిపోయిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది, అందుకే నడుం దగ్గర పట్టుకోవాలి. ఎలాగో ఫిజియోథెరపిస్ట్‌తో ఒకసారి చేయించుకుని చూడండి. చున్నీతో చెయ్యి మంచానికి కట్టేసేవాళ్లనీ చూశా. దయచేసి వద్దు, విడిపించుకునే పెనుగులాటలోనే దెబ్బలు తగులుతాయి.

అన్నీ చేసినా ఒక్కోసారి పడిపోతారు. అప్పుడు రెక్క పట్టి లేపెయ్యకండి, ముందు సిస్టర్ని పిలవండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే తలకి తగిలిన చిన్న దెబ్బ కూడా లోపల రక్తస్రావం కావొచ్చు. ఆయన "నాకేం కాలేదు" అంటాడు. అయినా డాక్టర్‌కి చెప్పండి.