విరిగిన మరలూ, మాడిన జంతికలూ

మా ఇంట్లో షోకేసులో ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. అందులో బిస్కెట్లు లేవు, విరిగిపోయిన చెక్క మరలు 11 ఉన్నాయి. అవి మా అబ్బాయివి. ఇంటికి ఎవరొచ్చినా మా వారు ఆ డబ్బా మూత తీసి చూపిస్తారు. "ఇది మొదటిది, ఇక్కడ చిట్లింది. ఇది నాలుగోది, సగం దాకా బాగానే వచ్చింది. ఇలా చేసి చేసి నేర్చుకున్నాడండీ" అని ఒక్కొక్కటీ చేతికిస్తారు.

అదే ఇంట్లో, ఈ ఏడాది సంక్రాంతికి మా అమ్మాయి మొదటిసారి జంతికలు వేసింది. ఒక వాయి మాడింది. ఆ వాయిని ఎవరూ డబ్బాలో పెట్టి దాచలేదు. చుట్టాలు చూడకముందే పెరట్లో పారబోశాం. పారబోసింది నేనే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి నాకు ఏడు నెలలు పట్టింది. అదెలా జరిగిందో చెబుతాను, వినండి.

మాది నర్సీపట్నం. మా అత్తయ్య గారి దగ్గర ఒక ఏటికొప్పాక కుంకుమ భరిణె ఉంది. నా పెళ్ళికి ముందు నుంచీ ఉన్నదే. అన్నవరం వెళ్తూ దాన్ని నా హ్యాండ్‌బ్యాగులో పడేశాను. దారిలో మూత ఊడి, కుంకుమంతా బ్యాగులోనూ, నా చీర కుచ్చిళ్ళ మీదా పడింది. పూజగదిలో ఉండాల్సిన దాన్ని బ్యాగులో వేసింది నేనే కాబట్టి తప్పు భరిణెది కాదు. కానీ ఇంటికొచ్చాక అత్తయ్య గారు ఒక మాటన్నారు. "వెనకటికి ప్రయాణాలకి మరచెంబు పట్టుకెళ్ళేవోళ్ళం. తలకిందులు చేసినా చుక్క కారేది కాదు. చెంబుకి మర ఉన్నప్పుడు భరిణెకి ఎందుకుండదర్రా?"

ఆ మాట మావాడు పట్టుకున్నాడు. బీటెక్ పూర్తయి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్నాడప్పుడు. నేను కట్టిన చీటీ చేతికొస్తే, అందులోంచి 26 వేలు పెట్టి చిన్న సీఎన్‌సీ మిషను తెప్పించుకున్నాడు. 3018 అంటారు దాన్ని. అది కోయగలిగిన చోటు 30 సెంటీమీటర్లు పొడవు, 18 వెడల్పు, అందుకే ఆ పేరు. మన రోటిపచ్చడి రోలు పట్టేంత జాగా కూడా ఉండదు. కంప్యూటర్‌లో లెక్క రాసి పంపిస్తే చిన్న మోటారుకి బిగించిన కత్తి దానంతటదే కదులుతూ చెక్కని కోస్తుంది.

ఇక్కడ ఏటికొప్పాక గురించి రెండు మాటలు చెప్పాలి. మా అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉందా ఊరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ బొమ్మలు, భరిణెలు, లక్కపిడతలు చేస్తారు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీని అదిమిపెడితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఈ పనిని నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఈ బొమ్మలదే. అక్కడి భరిణె మూతకి మర ఉండదు, పనివాళ్ళ చేతి కొలతకే బిగువుగా కూర్చుంటుంది. ఇంట్లో మిషను పెట్టుకున్నంత మాత్రాన ఆ చెయ్యి మనకి రాదు. మావాడికి ఒక్క మూత కోయడానికి నెలలు పట్టింది. కాబట్టి వాళ్ళ పొట్ట కొడుతుందేమోనన్న బెంగ నాకు లేదు. కర్ర ముక్కలు కూడా ఆ ఊరి నుంచే కొనుక్కొచ్చాడు.

ఇంతకీ మర అంటే ఏమిటి? మావాడు థ్రెడ్ అంటాడు. నాకు మాత్రం లంబసింగి వెళ్ళే ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది. కొండని నిట్టనిలువుగా ఎక్కలేం కాబట్టి రోడ్డు మెలికలు తిరుగుతూ మెల్లగా పైకెళ్తుంది. అలాంటి ఏటవాలు దారినే ఒక కర్ర చుట్టూ చుడితే మర అవుతుంది. మిషను చేసేదీ అంతే. కర్ర ఒక చుట్టు తిరిగేలోగా కత్తి ఇన్ని మిల్లీమీటర్లు పక్కకి జరగాలని చెబితే, ఆ రెండూ కలిసి నడుస్తాయి. మూత లోపలి మరకి మాత్రం వేరే కత్తి ఉంది. అది కన్నంలోకి దిగి, తిరగలిలా గుండ్రంగా తిరుగుతూ కిందికి జారుతుంది. మన భాషలో మర అంటే చుట్లూ మరే, యంత్రమూ మరే. మరచెంబు, మరమేకు, మరమగ్గం, అన్నిట్లోనూ ఆ మాటే. మరతో మర కోయడమన్నమాట.

ఇది కొత్త విద్యేం కాదు. పత్తిలో గింజలు తీసే మన పాతకాలపు చర్ఖాలకి చెక్క రోలర్ల చివర మర కోసేవారు. ఒకటి తిప్పితే రెండోది దానంతటదే తిరిగేది. యూరప్‌లో తొలి అచ్చుయంత్రాలు కాగితాన్ని నొక్కింది కూడా చెక్క మరతోనే.

విద్య పాతదే అయినా మావాడికి కొత్త కదా. మొదట గుమ్మాలు చేయించగా మిగిలిన టేకు ముక్కలతో మొదలుపెట్టాడు. చుట్టుకీ చుట్టుకీ 2 మిల్లీమీటర్ల ఎడం పెట్టాడు, ఇనప మేకుకి ఉన్నట్టు. కత్తి దాటిన చోటల్లా మర పొడిపొడిగా రాలిపోయింది. ఇనుముకి పీచు ఉండదు, కర్రకి ఉంటుంది. పీచు పొడుగునా నడుస్తుంది, మర అడ్డంగా నడుస్తుంది. అంచు సన్నగా ఉన్నచోట పట్టుకునే పీచు రెండు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఊడిపోతుంది. ఇది తెలియడానికి ఆరు ముక్కలు విరిగాయి. ఎడం 5 మిల్లీమీటర్లకి పెంచి, అంచుని పదునుగా వదలకుండా కాస్త మొండిగా ఉంచి, ఒకేసారి లోతుగా కోయకుండా అర మిల్లీమీటరు చొప్పున కోస్తే నిలబడుతుందని తెలియడానికి ఇంకో ఐదు విరిగాయి.

ఆ 11 విరిగినన్నాళ్ళూ మా ఇంట్లో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. హాలంతా పొట్టు, మిషను గోల, సీరియల్ వినపడక అత్తయ్య గారి విసుగు. అయినా "పోన్లెండి, నేర్చుకుంటున్నాడు" అని నేనే అందరికీ సర్దిచెప్పాను. అప్పుడప్పుడు టీ కూడా అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాను.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒకరోజు కళ్ళద్దాలు పెట్టుకుని మిషను పక్కన నిలబడి, "అన్నయ్యా, ఈసారి నేను పెట్టనా?" అంది. వాడేం అనలేదు. అన్నది నేను. "జడ చుట్టుకుంటుంది, చెయ్యి తెగుతుంది, నీకెందుకమ్మా, ఇటు రా" అన్నాను. "గుంటకెందుకే ఆ మిషను" అని అత్తయ్య గారు వంతపాడారు. పిల్ల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది.

మేలో భరిణె పూర్తయింది. మూత తిప్పితే మెత్తగా బిగిసింది. తలకిందులు చేసినా కుంకుమ రాలలేదు. అత్తయ్య గారు మురిసిపోయారు.

ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం. తెల్లారి కలశం పెట్టి, కుంకుమ కోసం భరిణె తీస్తే మూత తిరగదు! నేను తిప్పాను, మా వారు తిప్పారు, మావాడు తువ్వాలు చుట్టి తిప్పాడు. కదలదే! ముత్తైదువలు వచ్చే వేళయింది. చివరికి పక్కింటి నుంచి కుంకుమ తెచ్చుకున్నాం. "లెక్క కరెక్టే, ఎక్కడో గట్టిగా బిగించేశారు" అన్నాడు మావాడు. "మొన్నటి నుంచీ వానలు కదా, మన గది తలుపు కూడా పట్టేసింది" అన్నాను నేను, ఏదో మాటవరసకి.

సాయంత్రం మా అమ్మాయి భరిణెని బియ్యం డబ్బాలో కప్పెట్టింది. తడిసిన ఫోన్లని పెడతారు కదా, అలాగ. మూడోరోజుకి మూత వచ్చింది. అప్పుడు వాళ్ళన్నయ్య కొలిచే పరికరం తీసుకుని, మేలో వాడు రాసుకున్న కొలతల పక్కన ఇప్పటివి రాసింది. ఎత్తు మారలేదు. లావు మారింది. అదీ అన్నివైపులా ఒకేలా కాదు, గుండ్రటి మెడ కాస్త కోడిగుడ్డులా అయింది. మూతకి పైన లక్క రంగు ఉంది కాబట్టి తేమ తక్కువ పీల్చింది. భరిణె మెడకి పూతేమీ లేదు కాబట్టి ఎక్కువ పీల్చి ఉబ్బింది. "అమ్మ తలుపు సంగతి చెప్పింది కదన్నయ్యా, ఇదీ అదే. లెక్క కరెక్టే, కాలం తప్పింది" అంది. మళ్ళీ కోస్తే వానాకాలంలోనే కోద్దామంది. ఎండాకాలం కాస్త వదులైనా పర్లేదు, వానాకాలం బిగిస్తేనే కదా ఇబ్బంది. మధ్యలో ఖాళీ అర మిల్లీమీటరు ఉంచాలంది. రెండిటికీ లోపలా బయటా అవిసె నూనె పట్టించాలంది. ఎదిగే పిల్లకి లంగా కుట్టించేటప్పుడు లోపల మడత ఉంచమని దర్జీకి చెబుతామే, అలాగన్నమాట.

ఆ పూటే నాకు బిస్కెట్ డబ్బా, పెరట్లో పారబోసిన జంతికలూ కలిసి గుర్తొచ్చాయి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన ఇళ్ళల్లో మగపిల్లాడు పాడుచేస్తే నేర్చుకోవడం, ఆడపిల్ల పాడుచేస్తే పాడుచేయడం. డబ్బు సంగతి రెండోది. ముందు లేనిది పాడుచేసే హక్కు. ఏ పనైనా మొదటి పదీ పాడవకుండా చేతికి రాదు. ఆ పదింటిని కొందరికి ఇల్లు భరిస్తుంది, కొందరికి భరించదు. భరించని చోట పిల్లలు రెండోసారి ప్రయత్నించరు. తర్వాత మనమే "దానికి ఇలాంటివి ఇష్టం ఉండవండీ" అంటాం.

నా సంగతే చూడండి. పెళ్ళయిన కొత్తలో, 2001లో, మా అమ్మ కుట్టుమిషను కొనిచ్చింది. పట్టుచీరలోని జాకెట్టు ముక్క కుట్టబోయి చేతులు తిరగేసి కుట్టేశాను. "బంగారంలాంటి గుడ్డ పాడుచేసింది" అన్న మాట ఇంట్లో వారం రోజులు తిరిగింది. నేను మళ్ళీ మిషను ముట్టుకోలేదు. ఇన్నేళ్ళుగా దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాను. నాకు కుట్టుపని ఇష్టం లేదనే అందరికీ చెప్పాను. నేనూ నమ్మాను.

మీరు అడగబోయేవి నాకు తెలుసు. దెబ్బ తగిలితే? తగలొచ్చు, అది మావాడికీ తగలొచ్చు. జడ ముడి వేసుకుని, చున్నీ తీసి పక్కన పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుంటే ఇద్దరికీ ఒకటే జాగ్రత్త. సలసలా కాగే నూనె ముందు ఆడపిల్లని నిలబెట్టినప్పుడు చెయ్యి కాలుతుందని మనం వెనక్కి లాగలేదుగా! చదువు పాడవుతుందంటారా? లెక్కల పుస్తకంలో ఉన్న కోణాలూ, కొలతలే అక్కడ కర్ర మీద తిరుగుతున్నాయి. వస్తువులు వృథా అవుతాయంటారా? ఆ మాట అబ్బాయి డబ్బా చూసి కూడా అనగలిగితే, అప్పుడు అమ్మాయి దగ్గర అనండి. మగపిల్లాణ్ణి కూడా తిట్టమని కాదు నేను చెప్పేది. వాడికిచ్చిన ఓపికలో సగమైనా దీనికి ఇద్దామని.

మొన్న ఆదివారం మా అమ్మాయి మిషను ముందు కూర్చుంది. వాళ్ళన్నయ్య పక్కన నిలబడ్డాడు, చెయ్యి పెట్టలేదు. మూడో చుట్టు దగ్గర టక్కున చప్పుడైంది. మర అంచు ఎగిరి నేల మీద పడింది. అందరూ నా వైపు చూశారు. నేను లేచి షోకేసులోంచి బిస్కెట్ డబ్బా తెచ్చి మూత తీసి పట్టుకున్నాను. పన్నెండో ముక్క అందులో పడింది.

అత్తయ్య గారు కుర్చీలోంచి అంతా చూస్తున్నారు. రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచి, "ఆ రోజు జాకెట్టు గుడ్డ సంగతి అన్నది నేనే కదూ" అన్నారు. నేనేం అనలేదు. "ఆ మిషనుకి నూనె వేయించు, ఇంకా తిరుగుతాదేమో" అన్నారు.

తిరుగుతోంది. కొంచెం కీచుమంటోంది, అంతే. పాత చీర ముక్కతో మొదలుపెట్టాను. మొదటిది పాడైంది. దాచాను.

మరి మీ ఇంట్లో డబ్బా ఎవరి పేరున ఉంది?