ఫీజుల్లో దయ వద్దు, పావలా వాటా ఇయ్యండి!

జూన్ వస్తుందంటే రైతు మొగులు దిక్కు చూస్తాడు. ఆటో నడిపేటాయన స్కూలు గేటు దిక్కు చూస్తాడు. బిడ్డ పై క్లాసుకు పోవాలంటే పాత బకాయి కట్టాలి, కొత్త టర్ము ఫీజు కట్టాలి, పుస్తకాలూ బూట్లూ ఆ స్కూలు కౌంటర్‌లోనే కొనాలి. చేతిలో పైసలుండవు. ఇగ మొదలవుతుంది దండాల తంతు. కార్పొరేటర్ ఇంటి ముందు సిఫారసు ఉత్తరం కోసం పడిగాపులు. ఎమ్మెల్యే పీఏకు ఫోన్లు. కులసంఘం పెద్దమనిషికి దరఖాస్తు. ట్రస్టు వాళ్ళ ముందు కన్నీళ్ళు. ఏదీ పారకపోతే నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు, లేదంటే ఇల్లాలి పుస్తెలతాడు కుదువ.

అడుగుతున్నాం. చదువు కోసం ఇంతమందికి మొక్కాలని ఏ చట్టంలో రాసి ఉంది?

చట్టంలో రాసింది వేరే. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 12(1)(సి) సెక్షన్ ఏం చెబుతోంది? ఎయిడ్ లేని ప్రైవేటు స్కూలు కూడా ఒకటో తరగతిలో, నర్సరీ ఎల్‌కేజీ ఉంటే అక్కడే, కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి దాకా ఫీజు లేకుండా చదువు చెప్పాలి. ఆ ఖర్చు సర్కారు కడుతుంది. సర్కారు బడిలో ఒక్కో పిల్ల మీద పెట్టే ఖర్చు, ఆ స్కూలు ఫీజు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. యాజమాన్యాలు సుప్రీంకోర్టు దాకా పోయాయి. 2012 ఏప్రిల్ 12న కోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని తేల్చింది. మినహాయింపు మైనారిటీ విద్యాసంస్థలకే. అంటే రూపాయిలో పావలా వాటా పేదోడిది. అది ఎవరి ఇంటి సొమ్మూ కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో నాలుగేళ్ళు ఈ వాటా ఫైళ్ళలోనే పడుకుంది. అప్పుడు పరాయి పాలన అన్నాం. 2014 జూన్ 2న మన రాష్ట్రం వచ్చింది. పదేళ్ళు గడిచినా ఆ ఫైలు లేవలేదు. ఇప్పుడు ఎవరిని అందాం? పక్క ఆంధ్రప్రదేశ్ 2022-23లో ఈ సీట్ల ప్రవేశాలు మొదలుపెట్టింది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె చేసిన గడ్డ మీద పేద బిడ్డకు ఒకటో తరగతి సీటు ఇప్పించలేకపోయాం. ఇది సిగ్గుపడాల్సిన మాట కాదా?

ఫీజుల కట్టడి కథ ఇంకా ఘోరం. 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 ప్రకారం వసూలైన ఫీజులో యాజమాన్యం ఆదాయం 5 శాతం, సిబ్బంది జీతాలకు 50 శాతం. మీ వీధిలోని స్కూలు టీచరమ్మను అడగండి, ఆమె జీతమే చెబుతుంది ఆ జీవో ఎక్కడుందో. 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ వేశారు. అది ఏటా 10 శాతం పెంపుకు దారి చూపింది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, జీవో 46 ఇచ్చి ఫీజు పెంచొద్దు, నెలనెలా ట్యూషన్ ఫీజే తీసుకోవాలి అన్నారు. 2022 జనవరిలో ఫీజుల చట్టం తెస్తామని మంత్రుల సబ్‌కమిటీ వేశారు. 2023 డిసెంబర్‌లో ఆ సర్కారు దిగిపోయింది, చట్టం మాత్రం రాలేదు.

మా పత్రికల వాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. జర్నలిస్టుల పిల్లలకు 50 శాతం ఫీజు రాయితీ ఇవ్వాలని సంఘాలు వినతిపత్రాలు ఇస్తాయి, పలు జిల్లాల్లో డీఈవోలు ఉత్తర్వులు ఇస్తారు. జీతం సరిగా రాని గ్రామీణ విలేకరి కష్టం అబద్ధం కాదు. కానీ సగం ఫీజు వదిలేసిన స్కూలు మీద ఆ విలేకరి రేపు ఏం రాస్తాడు? దయకు కూడా ధర ఉంటుంది. ఆ ధర నోరు మూసుకోవడం. విలేకరి బిడ్డకు సగం ఫీజైతే, ఆ పత్రిక మోసే హాకర్ బిడ్డకు పూర్తి ఫీజా?

ఉద్యోగ మిత్రులారా, మీరూ ఆలోచించండి. ఆదాయపు పన్ను పాత విధానంలో ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకు, ఇతర పొదుపులతో కలిపి, లక్షా 50 వేల దాకా మినహాయింపు ఉంది. అంటే జీతగాడి ఫీజులో సర్కారు ఎప్పటినుంచో చెయ్యి వేస్తోంది. దాన్ని ఎవరూ బిచ్చం అనరు. కూలి బిడ్డ సీటు దగ్గరికి వచ్చేసరికి ఖజానా గుర్తుకొస్తుంది!

కొందరు మిత్రులు అంటారు, ఇది ప్రజల పైసలు ప్రైవేటోళ్ళకు పెట్టడమేనని, సర్కారు బడికి దెబ్బేనని. నిజమే, అసలు జవాబు సర్కారు బడే. ప్రతి క్లాసుకు టీచరు ఉన్న బడి కోసం కొట్లాట ఆగకూడదు. కానీ ఆ బడి బాగుపడేదాకా పేద పిల్ల వయసు ఆగదు కదా! పైగా ఈ చట్టం కింద చెల్లింపు సర్కారు బడి ఖర్చును దాటదు. దోచిపెట్టడం ఎక్కడ? ఈ మాటలు చెప్పే పెద్దల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో కూడా చూద్దాం.

తల్లిదండ్రులు ఈ రెండు సెక్షన్లు కంఠతా పెట్టండి. సీటుకు డొనేషన్ వసూలు చేస్తే 13వ సెక్షన్ ప్రకారం దానికి పదింతల దాకా జరిమానా. పిల్లకు, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెడితే మొదటిసారి 25 వేల దాకా. చేర్చుకున్న పిల్లను ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి వెళ్ళగొట్టడానికి వీల్లేదని 16వ సెక్షన్ చెబుతోంది. ఫీజు బాకీ పేరుతో బిడ్డను గేటు బయట నిలబెడితే ఎంఈవో ముందు ఈ సెక్షన్ పేరు చెప్పి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇయ్యండి, రసీదు తీసుకోండి.

ఎమ్మెల్యే ఇంటికి పోండి. అయితే సిఫారసు ఉత్తరం అడగకండి. 12(1)(సి) మీద అసెంబ్లీలో ఎన్నిసార్లు నోరు విప్పారో అడగండి. విద్యార్థులు ప్రతి ప్రైవేటు స్కూలు ముందు నిలబడి ఒకటో తరగతిలో సీట్లు ఎన్ని, అందులో పావలా వాటా ఎంత, ఎవరికిచ్చారు అని లెక్క అడగాలి. ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో ఫీజుల చట్టాన్ని చేర్చాలి.

రాష్ట్రాన్ని ఎవరి సిఫారసు ఉత్తరంతోనూ తెచ్చుకోలేదు. బిడ్డ సీటునూ అట్ల తెచ్చుకునే ఖర్మ మనకు వద్దు.