ఉర్దూ బడికి లెక్క ఏది?

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన బస్తీలకు షాదీఖానా హామీ వస్తుంది, ఖబరస్తాన్ ప్రహరీగోడ హామీ వస్తుంది. మేము వాటిని కాదనడం లేదు. పెళ్లికీ చావుకీ లెక్క చెప్పే అభ్యర్థిని, ఆ రెంటికంటే ముందుండే బాల్యానికి లెక్క ఏదని అడుగుతున్నాము.

ఉర్దూ మాధ్యమం బడి ఎవరి దయాదానమూ కాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్పిన మాట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు సైతం ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. పిల్లలు లేరు గనుక ఉపాధ్యాయుణ్ణి వేయలేదనడం, వైద్యుణ్ణి నియమించకుండా రోగులు రావడం లేదని ఆసుపత్రి మూయడం వంటిది.

చదువు చట్టప్రకారం ఉచితమే కదా అంటూ 2022-23 నుంచి కేంద్రం ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ ఉపకార వేతనాలను నిలిపివేసింది. ఆ మాట నిజమైతే ఉచితంగా చదివించే బడి ముందు నిలబడాలి.

మన తప్పూ ఉంది. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మహిళలు ఉండాలన్నది అదే చట్టం. ఆ కమిటీ రూపొందించే అభివృద్ధి ప్రణాళికే నిధులకు ప్రాతిపదిక. ఎవరో రాసిన ఆ కాగితం మీద చదవకుండా సంతకం చేసి వస్తున్నాము.

ఇక చాలు. అమ్మలు ముందు వరుసలో కూర్చోవాలి. ఖాళీ పోస్టు, కూలిన గోడ, లేని మరుగుదొడ్డి ప్రణాళికలోకి ఎక్కాలి. దాని ప్రతిని ఓటడిగేవారి ముందుంచుదాం. ఈసారి సంతకం వారిది. ఆ తర్వాతే మన ఓటు.