పాఠశాల బ్యాండు యాత్రలు: విద్యా? భారమా?

శీతకాలం రాగానే పాఠశాల నుండి ఇంటికి ఒక చీటీ రావడం కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. విశాఖకో, భువనేశ్వర్‌కో విహారయాత్ర అని ఒకసారి, బ్యాండు పోటీకి ప్రయాణమని మరొకసారి. చీటీ చివర చెల్లించవలసిన మొత్తం, దాని కింద గడువు. పంపకపోతే బిడ్డ చిన్నబుచ్చుకుంటుంది. పంపితే ఇంటి లెక్క తప్పుతుంది. ఈ నేపథ్యంలో, ఇటువంటి యాత్రలు వ్యయానికి తగిన ఫలితాన్ని ఇస్తున్నాయా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ముందుగా భారం సంగతి. ఒక యాత్రకు మూడు వేల రూపాయలు అనుకుందాం. ఉపాధి హామీ పనికి 2025-26లో ఒడిశాకు కేంద్రం నిర్ణయించిన దినకూలి 273 రూపాయలు. అంటే ఒక బిడ్డ ప్రయాణానికి ఒకరి పదకొండు రోజుల శ్రమ. ఇద్దరు బిడ్డలున్న ఇంట ఇది తలకు మించిన భారమే.

బహుమతితో ఖర్చు తిరిగి వస్తుందన్న ఆశ కూడా నిలవదు. రక్షణ, విద్యా మంత్రిత్వ శాఖలు కలిసి నిర్వహించే జాతీయ పాఠశాల బ్యాండు పోటీనే తీసుకుందాం. రాష్ట్ర స్థాయి, జోన్ స్థాయి దాటిన జట్లు ఢిల్లీలో తుది పోటీకి చేరతాయి. 2025 జనవరి తుది పోటీలో 16 జట్లు, 466 మంది విద్యార్థులు పాల్గొన్నారు. ఒక్కో విభాగంలో ప్రథమ బహుమతి 21 వేల రూపాయలు. సగటున 29 మంది ఉన్న జట్టులో తలా పంచితే వచ్చేది 724 రూపాయలు మాత్రమే. కనుక బ్యాండు యాత్ర విలువను బహుమతితో కొలవడం పొరపాటు.

మరి విలువ ఎక్కడున్నది? జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, పటమ్‌దా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం దీనికి సమాధానం చెబుతున్నది. వెనుకబడిన వర్గాల బాలికల కోసం ప్రభుత్వం నడిపే ఆవాస విద్యాలయం అది. అక్కడి బాలికల పైపు బ్యాండు 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్రపతి వేదికకు ఎదురుగా వాయించింది. కోరాపుట్, రాయగడ వంటి జిల్లాల పిల్లలకూ ఇది అందని మాట కాదని దీనివలన తెలుస్తున్నది. ఢిల్లీలో వాయించినది కొద్దిసేపే కావచ్చు. ఒకరి ఊపిరి, మరొకరి అడుగు, ఇంకొకరి దెబ్బ ఒక్క తాళానికి కట్టుబడేలా చేసిన సాధన మాత్రం దీర్ఘకాలం సాగినది. బిడ్డకు మిగిలేది ఆ సాధనే. ప్రయాణం దానికి గురి మాత్రమే.

తెలుగునాట మరొక ఉదాహరణ కలదు. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమె చదివినది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులంలో. భువనగిరి కొండపై శిక్షణతో మొదలైన ఆ ఖరీదైన యాత్ర వ్యయం తల్లిదండ్రుల నెత్తిన పడలేదు. ప్రతిభ చూసి ఎంపిక జరిగింది, ఖర్చు ప్రభుత్వం భరించింది. యాత్ర పేరిట డబ్బు కట్టగలిగిన వారిని ఒక వరుసలో, కట్టలేని వారిని మరొక వరుసలో నిలబెడితే పిల్లలు నేర్చుకునేది సంగీతం కాదు, తమ ఇంటి స్థోమత.

భద్రత విషయం మరింత గంభీరమైనది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువ ఆనకట్ట నుండి ఒక్కసారిగా విడుదలైన నీటికి యాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వెంట వెళ్లే పెద్దలు ఎందరు, దారిలో ఎక్కడెక్కడ ఆగుతారు అని అడగడం అనుమానం కాదు, తల్లిదండ్రుల బాధ్యత.

వాస్తవానికి వాద్యం నేర్చుకోవడానికి ఢిల్లీ వరకు వెళ్లనవసరం లేదు. కోరాపుట్‌లో పరబ్, రాయగడలో చైతి ఉత్సవాలు జరిగినప్పుడు డోలు, టమకు, మహురి వాయించే కళాకారులు ఒకేచోట కనిపిస్తారు. ఒడిశాలో ఢెంసాగా, అరకులో థింసాగా పిలిచే నృత్యం ఇరువైపుల పల్లెలకూ సొంతం. ఆ కళాకారులను పాఠశాలకు పిలిపించి నెలకొక పూట నేర్పించినా ఒక యాత్ర ఖర్చు కాదు. ఆ పునాది ఉన్న జట్టు పోటీకి వెళితే ఆ ప్రయాణానికి అర్థం ఉంటుంది.

అయినా వెళ్లవలసి వస్తే భారం తగ్గించే మార్గాలున్నవి. గ్రామీణ ప్రాంత ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ఏడాదికి ఒకసారి అధ్యయన యాత్రకై రైల్వే రెండో తరగతి ఛార్జీలో 75 శాతం రాయితీ ఇస్తున్నది. రాయగడ మీదుగా ఢిల్లీకి సమతా ఎక్స్‌ప్రెస్ కూడా ఉన్నది. ప్రధానోపాధ్యాయులు ముందుగా పూనుకుంటేనే ఈ రాయితీ అందుతుంది.

కాబట్టి చీటీపై సంతకం చేసేముందు తల్లిదండ్రులు పాఠశాల సమావేశంలో మూడు మాటలు అడగాలి. ఈ ప్రయాణానికి ముందు పిల్లలు ఎన్ని నెలలు సాధన చేశారు? కట్టలేని బిడ్డ మాటేమిటి? రాయితీకి దరఖాస్తు చేశారా? సరైన సమాధానం వస్తే అప్పు లేకుండా చేయగలిగినంతలో పంపడం మంచిదే. రాకపోతే అది విద్యాయాత్ర కాదు, విహారం. పదకొండు రోజుల కూలిని విహారానికి పెట్టాలా వద్దా అన్నది ఆ ఇంటివారు నిర్ణయించుకోవలసినది, పాఠశాల కాదు.