మందుకంటే ముందు చెక్క చూడండి
కర్నూలు, కడప పల్లెల్లో పందులు పెంచే కుటుంబాలకు అసలు గండం పంది పిల్లలు తల్లిపాలు మానిన తొలి రెండు వారాలే. పాలకు అలవాటుపడిన కడుపులో ఆమ్లం చాలదు, మేత అరగదు, ఈ.కోలై చెలరేగుతుంది. తోక కింద తడి, లోపలికి పోయిన డొక్కలు. వెంటనే మేతలో యాంటీబయాటిక్ కలిపేస్తారు. ఇది ఆగాలి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మేతలో వాడకూడదని మన దేశం 2019లోనే నిషేధించింది. పెరుగుదల కోసం పెట్టే యాంటీబయాటిక్స్‌ను యూరప్ 2006లోనే మాన్పించింది. సిట్రిక్ ఆమ్లం, ప్రోబయాటిక్స్ కొంత సాయపడతాయి, కాదనను. కానీ సీమలో మొదట చూడాల్సింది వేరుశనగ చెక్క. అది బూజుపట్టి అఫ్లాటాక్సిన్ చేరితే ఏ పొడి కలిపినా పిల్ల కోలుకోవడం కష్టం. ఆ చెక్కను పరీక్షించే ఏర్పాటు మండల పశువైద్యశాలలోనే ఉండాలి. గొర్రెల కాపరికి దొరికే సలహా పందుల పెంపకందారుకూ అంతే గౌరవంగా అందాలి.