తర్వాత వచ్చినోడే వల కట్టాలి

గోల్ఫ్ డ్రైవింగ్ రేంజ్ అంటే జనం వరసగా నిలబడి బంతుల్ని దూరం కొట్టడం సాధన చేసే మైదానం. గట్టిగా తగిలితే బంతి 200 మీటర్లు దాటుద్ది. దాని పక్కనే కొత్తగా ఇళ్లు కడితే అద్దాలు పగలవా? మరి వల ఖర్చు ఎవరిది?

ఇంగ్లండ్ 2018లో తన ప్లానింగ్ విధానంలో జవాబు రాసుకుంది. ముందునుంచీ నడిచేవాటి మీద, తర్వాత వచ్చిన కట్టడాల కోసం అన్యాయంగా ఆంక్షలు పెట్టొద్దు. ఇబ్బంది పెద్దదైతే కొత్తగా కట్టేవాడే, పని పూర్తయ్యేలోపు రక్షణ ఏర్పాటు చెయ్యాలి.

"ముందున్నాం" అంటే చాలదా అంటారా? చాలదు. 1977లో అక్కడి లింట్జ్ ఊరి క్రికెట్ కేసు చూడండి. 70 ఏళ్లుగా ఆడుతున్న మైదానం పక్కన ఇళ్లొచ్చాయి. కోర్టు ఆట ఆపలేదు గానీ, క్లబ్బు మీద నష్టపరిహారం పడింది. అందుకే పునాది తియ్యకముందే తేల్చుకోవాలి.

ఇక మన సంగతి. "పచ్చని పొలాల మధ్య" అని బ్రోచర్ వేసి ప్లాట్లు అమ్ముతారు. ఇల్లు కట్టుకున్నాక పేడ వాసన, నూర్పిడి దుమ్ము, కోళ్ల ఫారం ఈగలు అని మన మీదే ఫిర్యాదు! కొన్నవాళ్లది తప్పు కాదు, వాళ్లకి చెప్పినోడు లేడు. డబ్బు చేసుకున్నోడు వెళ్లిపోయాడు.

లేఅవుట్ అనుమతిలోనే రాయండి: ఖాళీ జాగా, గోడ, చెట్లు వెంచర్ వాళ్లవే. పక్కన ఏముందో కొనేవాళ్లకి కాగితం మీద చెప్పాలి. పొలం ఎక్కడికీ నడిచి రాలేదు, ఇల్లే పొలం దగ్గరికి వచ్చింది.