పాత టైరు ముందు చక్రానికి వద్దు

ఈసారి వరి గురించీ మినుము గురించీ కాదు, మన మోటారు సైకిల్ టైరు గురించి రాస్తున్నా. నవ్వకుండా చివరిదాకా చదవండి.

ధాన్యం అమ్మేటప్పుడు తేమ 17 శాతం దాటిందంటే మనం ఊరుకోం. మీటరు మళ్ళీ పెట్టమంటాం, ఇంకో మీటరు తెమ్మంటాం. అదే బండిలో గాలి ఉందా అంటే బొటనవేలితో నొక్కి, కాలితో ఒక తన్ను తన్ని "ఉందిలే" అంటాం. ఆ బండి మీదే 45 కిలోల యూరియా బస్తా వేస్తాం. ఆ బండి మీదే ఇంటావిడనీ మనవడినీ ఎక్కిస్తాం. ఇది మన తప్పే. నేనూ చేశాను కాబట్టి చెబుతున్నా.

రెండేళ్ళ క్రితం కార్తీక మాసంలో మేమిద్దరం మోపిదేవి గుడికి బయల్దేరాం. అంతకు నెల ముందే ముందు టైరు పక్కభాగం గాజుపెంకుకి తెగింది. కోతల ముందు చేతిలో డబ్బు ఆడదు, మీకు తెలియనిది కాదు. లోపల పాత టైరు ముక్క పెట్టించి నడిపించా. కాలవ గట్టు రోడ్డు మీద ఢామ్మని పేలింది. హ్యాండిలు నా మాట వినలేదు. నిదానంగా వెళ్తున్నాం కాబట్టి కాలవకి రెండు బారల ఇవతల తుప్పల్లో పడ్డాం. ఆవిడ చెయ్యి విరిగింది. టైరుకి మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు కట్టుకి పోయింది.

అందుకే మొదటి మాట. టైరు పక్కభాగం తెగితే దానికి వైద్యం లేదు, మార్చాల్సిందే. రోడ్డుకి ఆనే చోట ముల్లు దిగితే అతుకు నిలుస్తుంది. పక్కభాగం చక్రం తిరిగినప్పుడల్లా వంగి లేస్తుంటుంది, అక్కడ ఏ అతుకూ ఆగదు. ట్యూబ్‌లెస్ అయినా అంతే.

రెండోది ముల్లు. మన గట్ల మీద సర్కారు తుమ్మ ఎంతుందో చెప్పక్కర్లేదు. ట్యూబుకి ప్యాచ్ వేయించుకుంటాం, ముల్లు కొన మాత్రం టైరులోనే ఉంటుంది. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి మళ్ళీ గాలి దిగుతుంది, మనం పంక్చరు కుర్రాణ్ణి తిడతాం. పక్కన నిలబడి టైరు లోపల చుట్టూ పాత గుడ్డతో తుడిపించండి. గుడ్డ పట్టుకున్న చోటే ముల్లు. ఆ ఐదు నిమిషాలకి ఇంకో పది రూపాయలు అడిగినా ఇవ్వండి.

నాగాయలంక, కోడూరు వైపు వాళ్ళకీ, రొయ్యల చెరువుల మీద తిరిగేవాళ్ళకీ ఇంకో మాట. ఉప్పుకి రిమ్ము లోపల తుప్పు పడుతుంది, పుల్లల తలలు ట్యూబుని కోస్తాయి. టైరు విప్పినప్పుడే రిమ్ము గీకించి, లోపలి రబ్బరు పట్టీ కొత్తది వేయించండి.

టైరు ఎక్కించేటప్పుడు రాడ్డుతో బలంగా లాగితే కొత్త ట్యూబే నలిగి చిల్లు పడుతుంది. ట్యూబులో కొంచెం గాలి పెట్టి, అంచుకి సబ్బు నీళ్ళు రాసి, వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. టైరు మీద బాణం గుర్తుంటే అది బండి ముందుకు తిరిగే దిక్కుకే ఉండాలి. గాలి కొట్టాక అంచు పక్కన ఉన్న సన్నటి గీత రిమ్ముకి చుట్టూ ఒకే ఎడంలో ఉందో లేదో చూడండి. ఇవన్నీ మనం చూస్తే తెలిసేవే.

ఇక గాలి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకి గాలి టైరు కట్టాడు. అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒకటే, బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తక్కువైతే టైరు రిమ్ము మీద జారుతుంది, ట్యూబుని లాక్కుపోతుంది, వాల్వు మొదట్లో తెగుతుంది. అక్కడ ప్యాచ్ పడదు. వాల్వు వంకరగా వాలిందంటే అదే హెచ్చరిక. ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనక మనిషి ఎక్కితే వెనక టైరుకి ఇంకా ఎక్కువ కావాలి.

"డబ్బులుండాలి కదా" అంటారు. నిజమే. కానీ ఆదా చేసే చోటు ఇది కాదు. మనలో చాలామంది వెనక చక్రానికి కొత్త టైరు వేసి, అరిగిన పాతది ముందుకి తెస్తారు. వెనకది పేలితే బండి ఊగుతుంది, ఆపుకునే వీలుంటుంది. ముందుది పేలితే హ్యాండిలే పోతుంది. టైరు గాడి 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని నిబంధన కూడా ఉంది. కొనేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 3423 అంటే 2023లో 34వ వారం తయారైంది. విత్తనం సంచి మీద తేదీ చూడకుండా కొంటామా? ఇదీ అంతే.

రేపు పొద్దున పొలం వెళ్ళే ముందు బండి స్టాండు వేసి, ముందు చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. తెగిన చోటు కనబడితే ఆ బండి మీద ఇంట్లోవాళ్ళని ఎక్కించకండి. పంట డబ్బు వచ్చేదాకా ఆగుదామని మాత్రం అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను.